బెల్లం కాటా మీద మంత్రసాని

ఈ మధ్య మా అరుగు మీదికి వచ్చి కూర్చునే కుర్ర కాంపౌండర్లలో ఒకడు, పొట్ట తడుముకుంటూ, "ఏవండీ, ఒళ్లు తగ్గితేనే ఆరోగ్యమంటారా?" అని అడిగాడు. అప్పటికే మా ఆవిడ పెట్టిన పూతరేకులు నాలుగు లోపలికి వెళ్లాయి. అయిదోది చేతిలో ఉంది. ఈ ప్రశ్న వినగానే నాకు ఒక మనిషి గుర్తొస్తుంది. ఆమె సంగతి దాచిపెట్టి జవాబు చెబితే అబద్ధమాడినట్టే ఉంటుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు ఓపిగ్గా చదవండి. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, తప్పు మాత్రం కావలసినంత ఉంది.

గోదావరికి ఆనకట్ట కట్టి నలభై ఏళ్లు దాటిన రోజులవి. నాకు ఇరవై నాలుగేళ్లు. కాలువ ఒడ్డున, పడవలు దాటించే లాకుకు కూతవేటు దూరంలో ఉన్న చిన్న ఆస్పత్రిలో నన్ను కాంపౌండరుగా వేశారు. రెండు పెంకుటి గదులు, ఒక వసారా, వసారా ఎక్కడానికి ఆరు మెట్లు. రాజమండ్రి నుంచి పెద్ద డాక్టరు దొరగారు రెండు మూడు నెలలకోసారి పడవ మీద వచ్చేవారు. మిగతా రోజుల్లో రోగులకు నేనే దిక్కు. నాకు తోడు పుండ్లు కడిగి కట్లు కట్టే డ్రెస్సరు ఒకాయన. ఆ పనిలో ఆయన తల నెరిసిపోయింది. చదువు రాదు. మెట్ల మీద అడుగుల చప్పుడు విని, గదిలోంచే "జొరం మనిషండి", "కాలు నొప్పండి" అని చెప్పేసేవాడు. అది నాకు ఒళ్లు మండించేది. పుస్తకాలు చదువుకుని వచ్చినవాణ్ణి కదా మరి.

ఒక సోమవారం పొద్దున్న ఆయన లోపలినుంచి, "మంత్రసానమ్మండి. మెట్ల మధ్యలో ఆగింది చూడండి," అన్నాడు. తలెత్తి చూస్తే నిజంగానే ఆమె మూడో మెట్టు మీద గోడ పట్టుకుని నిలబడి ఉంది.

ఆమెకు యాభై ఏళ్లుంటాయి. భారీ మనిషి. గుమ్మంలోకి వస్తే గదిలో వెలుతురు తగ్గేది. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో సగం మందిని ఈ లోకంలోకి దించిన చేతులు ఆమెవి. ఆదివారం ఆదివారం కిరస్తానీ మిషను గుడికి వెళ్లి, వెనక చాప మీద కూర్చుని, అందరికన్నా గట్టిగా పాడేది. మిగతా ఆరు రోజులూ నోట్లో చుట్ట ఉండేది. మా వైపు ఆడవాళ్లు అడ్డపొగ కాలుస్తారు, అంటే నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుంటారు. చూడని వాళ్లకు భయం వేస్తుంది. ఆమె అలా పొగ పీలుస్తూనే మాట్లాడేది, నవ్వేది.

"ఏమమ్మా, ఏం జబ్బు?" అన్నాను. అప్పట్లో ఆమెలాంటి వాళ్లను మేం మీరు అనేవాళ్లం కాదు.

"జబ్బు కాదండి డాకటరుబాబూ, ఆయాసం. పంటకాలువ మీద తాటిదుంగలున్నాయి కదండి, అవి దాటేసరికి పేణం పోయి వత్తంది. అవతలి పేటలో నలభై గడప. నేను దాటలేకపోతే ఆ ఆడకూతుళ్లకి దిక్కెవరండి?"

మొత్తం వ్యవహారం ఇదే. ఆమె తన ప్రాణం కోసం రాలేదు. ఆ కాలువ దాటడం కోసం వచ్చింది.

ఆ వారమే దొరగారు వచ్చారు. చెక్క గొట్టం ఆమె గుండెకు ఆనించి చాలాసేపు విన్నారు. తర్వాత గొట్టం నా చేతికిచ్చారు. నేను అంతకుముందు చాలా గుండెలు విన్నాను గానీ ఇలాంటిది వినలేదు. ఎక్కడో లోతున, మూసిన తలుపుల వెనక, రోకలి పోటు పడుతున్నట్టు ఉంది. పడుతుంది, తడబడుతుంది, మళ్లీ అందుకుంటుంది. యాభై ఏళ్లుగా ఒక్క పూట సెలవు లేకుండా ఆ చీకట్లో అది అలా పనిచేస్తూనే ఉందని తోచింది. ఇన్నేళ్లయినా ఆ చప్పుడు నాకు జ్ఞాపకముంది.

దొరగారు మూడు మాటలు చెప్పారు. తిండి కొంత తగ్గించాలి. రోజూ కాస్త నడవాలి. ఊపిరి ఎలా ఉందో చూస్తూ ఉండాలి. పడవెక్కి వెళ్లిపోయారు.

ఊపిరిని ఎలా కొలవాలో నాకు తెలియలేదు. నడకను కొలిచే ఓపిక నాకు లేదు. బరువునైతే తూచవచ్చు. రేవులో బెల్లం తూచే పెద్ద కాటా ఉంది. దూలానికి వేలాడే రెండు చెక్క పళ్లేలు, పక్కన ఇనుప తూనికరాళ్లు, చుట్టూ ఈగలు. ప్రతి సోమవారం ఆమెను ఆ కాటా మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. మొదటి రోజు తొమ్మిది మణుగుల రెండు వీశెలు తూగింది, మామూలు ఆడవాళ్లు ఇద్దరి బరువు. కాటా దగ్గరి గుమస్తా, "మేలురకం బెల్లమండోయ్!" అని కేకేశాడు. పడవవాళ్లు నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను. ఆమె కాళ్లు ముడుచుకుని, మొహం నీళ్ల వైపు తిప్పుకుని కూర్చుంది.

పొద్దున్న గంజి, మధ్యాహ్నం గంజి, సాయంత్రం మజ్జిగ. ఇదీ నేను రాసిచ్చిన పథ్యం. దొరగారు కొంత తగ్గించమంటే నేను తిండినే తీసేశాను. పురుడు పోసిన ఇళ్లలో పెట్టే నేతి అన్నం, అరిసెలు అన్నీ మానిపించాను. మూడో వారం ఆమె, "కడుపులో కాలిపోతందండి బాబూ, రాత్రిళ్లు నిద్దర పట్టట్లేదు," అంది.

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. "ఆకలేసినప్పుడు ఒక చుట్ట కాల్చుకో, ఆకలి చచ్చిపోతుంది" అన్నాను. అది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మా కాలువ మీద గుమ్మటాల పడవలు లాగేవాళ్లు అలాగే చేస్తారు. మా నాన్న కూడా అలాగే చేసేవాడు. వైద్యం మాట్లాడాల్సిన చోట వాడుక మాట్లాడాను.

"ఆయ్, అలాగేనండి," అంది ఆమె. రోజుకు నాలుగు చుట్టలు కాల్చే మనిషి పదికి ఎక్కింది.

కాటా మాత్రం నా మాట వింటోంది. వారం వారం ఒక రాయి తీసి పక్కన పెడుతున్నాం. రెండు నెలలకు మణుగు పైన నాలుగు వీశెలు తగ్గింది. మణుగంటే ఎనిమిది వీశెలు, ఎంత తగ్గిందో మీరే చూసుకోండి. గుమస్తా కూడా వేళాకోళం మాని మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఊళ్లో ఒకరిద్దరు కామందులు తమకూ ఆ పథ్యం రాసిమ్మని కబురు పెట్టారు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

డ్రెస్సరు ఒక్కడే ముభావంగా ఉన్నాడు. ఒకరోజు కట్టు గుడ్డలు ఉడకబెడుతూ, "ఏవండీ, ఓ మాట చెప్పనా? కోపగించుకోకండి," అన్నాడు.

"ఏంటి?"

"ఆవిడ ఇదివరకు మెట్ల మీద ఒకసారి ఆగేదండి. ఇప్పుడు రెండుసార్లు ఆగుతోంది."

"మణుగున్నర తగ్గిన మనిషికి ఆయాసం ఎక్కువవుతుందా? నీకేం తెలుసు?" అన్నాను. ఆయన మళ్లీ కట్టెపుల్లతో గుడ్డలు కలుపుకున్నాడు.

ఆ తర్వాతి సోమవారం ముసురు పట్టింది. మధ్యాహ్నానికి దొరగారి పడవ వస్తుందని కబురు. నా ఘనకార్యం చూపించాలని, ఆమెను పొద్దున్నే రేవుకు పిలిపించాను. కాటా మీద కూర్చుని ఉండగానే అవతలి పేట నుంచి ఒక రైతు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన కోడలికి తొలి కాన్పు, తెల్లవారుజాము నుంచి నొప్పులు.

ఆమె తూకం చూసుకోకుండానే దిగిపోయింది. నేను ఆస్పత్రికి వచ్చేశాను. కాసేపటికి కాలువ వైపు నుంచి కేకలు వినిపించాయి. నేనూ డ్రెస్సరూ పరుగెత్తాం.

రెండు తాటిదుంగలను తాళ్లతో కట్టిన వంతెన అది. సరిగ్గా మధ్యలో ఆమె దుంగను వాటేసుకుని కూర్చుని ఉంది. కింద ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. పెదాలు నల్లబడ్డాయి. నేను పాక్కుంటూ ఆమె దగ్గరికి వెళ్లాను.

"కాళ్లు నావి కావండి బాబూ," అంది. మాటకూ మాటకూ మధ్య ఈల లాంటి చప్పుడు. "ఒంట్లో ఏమీ లేదండి. కళ్లు తిరుగుతున్నాయి. నన్నొదిలేసి ఆ పిల్ల సంగతి చూడండి."

ఎవరో తాటిదోనె తెచ్చారు. ఇద్దరు మనుషులు పట్టి ఆమెను అందులోకి దించి అవతలి ఒడ్డుకు చేర్చేసరికి చాలా ఆలస్యమైంది. ఆ ఇంటికి మేం వెళ్లేసరికి బిడ్డ పుట్టింది. ఊపిరి లేదు. తల్లి బతికింది. మంత్రసాని ముందే చేరి ఉంటే బిడ్డ దక్కేదా అంటే నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఆమె మాత్రం ఆ బిడ్డను వేణ్ణీళ్లతో కడిగి, కొత్త గుడ్డలో చుట్టి, బతికున్న పిల్లను ఇచ్చినంత జాగ్రత్తగా నాయనమ్మ చేతుల్లో పెట్టింది.

ఆ నాయనమ్మ ఆమెను ఒక్క మాటా అనలేదు. వసారాలో తలొంచుకుని నిలబడ్డ నా దగ్గరికి వచ్చింది. "మా మంత్రసానమ్మ మూలిగినా, ముక్కినా ఇన్నాళ్లూ దాటి వచ్చేదండి. ఆవిణ్ణి ఏం చేశారండీ?" అంది.

దొరగారు ఆ మధ్యాహ్నం ఆస్పత్రిలో ఆమె గుండె మళ్లీ విన్నారు. ఆయనది మునిషీ పంతులు దగ్గర నేర్చుకున్న పుస్తకాల తెలుగు. రిజిస్టరులో నా సోమవారాల లెక్కలన్నీ చూసి, "ఈ స్త్రీ తేలిక అయినది. సరే. ఈమె శ్వాస ఏల చెడినది?" అని అడిగారు. నేను గంజి సంగతి చెప్పాను. చుట్టల సంగతి కూడా చెప్పేశాను. ఆయన తిడితే బాగుండునని చూశాను. తిట్టలేదు. రిజిస్టరు మూసి, "నేను మూడు పనులు చెప్పితిని" అన్నారు, అంతే.

ఆయన వెళ్లాక నేను డ్రెస్సరు పక్కన ఆ మెట్ల మీదే కూర్చున్నాను. ఊపిరిని ఎలా కొలవాలో నాకు తెలియదని మొదటిసారి పైకి ఒప్పుకున్నాను. ఆయన తల గోక్కుని, "అదెంత పనండి. ఆవిడ పాడుతుంది కదండి. పాడుతూ నడవమనండి. పాట ఎక్కడ తెగితే ఊపిరి అక్కడి దాకా ఉన్నట్టు," అన్నాడు.

నా చదువంతా ఒక పక్క, ఆ మాట ఒక పక్క. మర్నాటి నుంచి ఆమె రోజూ పొద్దున్న ఆస్పత్రి దగ్గర కీర్తన ఎత్తుకుని, గట్టు వెంట తాటిదుంగల వైపు నడిచేది. మొదటి రోజు రెండో చరణంలోనే, లాకు దాటకుండానే పాట తెగింది. డ్రెస్సరు అక్కడ గట్టున ఒక పుల్ల పాతాడు. పాట తెగినచోట నిలబడి ఊపిరి తీసుకుని వెనక్కి రావాలి. పరుగు లేదు, పందెం లేదు.

పథ్యం మార్చాను. కడుపుకు సరిపడా అన్నం, పప్పు, ఆకుకూర, దొరికిన రోజున చేప. నెయ్యీ పిండివంటలూ పండగలకు. చుట్ట పూర్తిగా మానాలన్నాను. అది ఆమెకు గంజి కన్నా పెద్ద శిక్ష అయింది. రెండుసార్లు దొంగతనంగా కాల్చి, మూడోరోజున తానే వచ్చి ఒప్పుకుంది. డ్రెస్సరు తన చుట్టల కట్ట తెచ్చి ఆమె చూస్తుండగా కాలువలో పారేశాడు. "నేనూ మానేత్తన్నానమ్మా, పద," అన్నాడు. నెల తిరిగేసరికి ఇద్దరి దగ్గూ తగ్గింది. పుల్ల లాకు దాటింది. చలికాలానికి కొబ్బరితోట దాటింది. వేసవిలో ఒకరోజు గట్టు మీదినుంచి పాట వినిపిస్తూ, వినిపిస్తూ, దూరమైపోయి, ఇక వినపడలేదు. తెగిపోయిందేమోనని పరుగెత్తి చూశాను. తాటిదుంగల దగ్గర నిలబడి చివరి చరణం పాడుతోంది.

ఈలోగా ఆమె బుగ్గలు మళ్లీ నిండాయి. ఒంటికి ఒళ్లు చేరుతోందని నా కళ్లకు తెలుస్తూనే ఉంది. కాటా వైపు చూడాలని మనసు లాగేది. చూడలేదు. కానీ ఇదివరకు సాయంత్రానికి చెప్పుల్లో పట్టనంతగా వాచే పాదాలు వాచడం మానేశాయి. ఆరు మెట్లూ ఆగకుండా ఎక్కుతోందని డ్రెస్సరు గదిలోంచే కేకేసి చెప్పేవాడు.

మరుసటి వర్షాకాలం, అదే ఇల్లు, అదే కోడలు. కబురు వచ్చేసరికి ఆమె ఆస్పత్రిలోనే ఉంది. సంచీ నేను పట్టుకున్నాను. నిరుటిలాగే ముసురు, కింద ఎర్రనీళ్లు. దోనె పిలిపిస్తానన్నాను. ఆమె వినలేదు. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, కీర్తన ఎత్తుకుని, దుంగల మీద అడుగు పెట్టింది.

వెనక నేను. ఆమె అడుగు వేసినప్పుడల్లా తాటిదుంగలు మూలిగేవి, తాళ్లు కిర్రుమనేవి. మధ్యకు చేరేసరికి నా ఊపిరి ఆగింది. ఆమె పాట ఆగలేదు. అంత భారం, అంత నెమ్మదిగా, అంత నిలకడగా, నీళ్ల మీదుగా నడిచిపోయింది. నేను ఏనుగులను చూశాను, ధాన్యంతో నిండిన పడవలను చూశాను. అంత ఠీవి దేనిలోనూ చూడలేదు. అవతలి ఒడ్డున అడుగు పెట్టగానే నేను చెక్క గొట్టం తీశాను.

"ఇప్పుడు కాదండి బాబూ, పక్కకి తప్పుకోండి. లోపల పిల్ల ఎదురుచూత్తంది," అని నన్ను తోసుకుని వెళ్లిపోయింది.

మగవాళ్లం వసారాలో కూర్చున్నాం. లోపల ఆడవాళ్ల గొంతులు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఒక్కసారి అన్నీ ఆగిపోయాయి. తర్వాత ఒక చిన్న ఏడుపు వినిపించింది. ఆ ఇంటి రైతు స్తంభం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. నాకూ కళ్లు నిండాయి, దాచుకోలేదు.

బొడ్డు పేగు మెడకు రెండు చుట్లు చుట్టుకుందట. ఎలా తప్పించావని తర్వాత అడిగితే, ఆమె రెండు వేళ్లు గాలిలో తిప్పి చూపించింది. "ఆ ఏళ్లు వణక్కూడదండి, అంతే," అంది. అప్పుడు కూర్చుని, గుండె విననిచ్చింది. అదే రోకలి పోటు. ఈసారి తడబాటు లేదు. నేను గొట్టం తీయకుండా చాలాసేపు విన్నాను. బయటినుంచి చూసేవాడికి మొదటి రోజు మనిషే. లోపల ఏదో పెద్ద మరమ్మతు జరిగిపోయింది. దాన్ని జరిపించింది ఎవరని అడిగితే నేనని మాత్రం చెప్పలేను.

ఇది చదివి, ఒళ్లు తగ్గనక్కర్లేదని నేను రాశానని ప్రచారం చెయ్యకండి. తగ్గితే మోకాళ్లు నిలబడ్డవాళ్లను, అతిమూత్రం, అదే మధుమేహం, అదుపులోకి వచ్చినవాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను. నన్ను అడిగిన ఆ కుర్రాడు కూడా పూతరేకులు కాస్త తగ్గించుకుంటే మంచిదే. కానీ తగ్గిన మనిషి మెట్లు ఎలా ఎక్కుతోందో చూడండి. తగ్గని మనిషి నిన్నటికన్నా బాగా ఊపిరి తీస్తుంటే ఆమెను తిట్టకండి. నేను ఈ రెండూ చూడకుండా రాళ్లు లెక్కపెట్టాను.

ఇంక ఒక్కటి చెప్పాలి. కోడలికి నెల తప్పినప్పుడే ఆ అత్తగారు మొక్కుకుందట, బిడ్డ దక్కితే మంత్రసాని ఎత్తు బెల్లం తులాభారం వేయిస్తానని. బిడ్డకు మూడో నెల రాగానే అమ్మవారి గుడికి రమ్మని పిలిచింది.

"నేను ప్రభువుని నమ్ముకున్నదాన్నండి అమ్మగారూ. గుడి దగ్గర కూర్చోలేనండి," అంది ఈమె.

ఆ పెద్దావిడ రేవు వైపు చెయ్యి చూపించింది. "అయితే రేవులో కాటా ఉంది కదా, అక్కడే తూద్దాం. అమ్మవారికి అక్కణ్ణించి కనపడదా ఏంటి? బెల్లం పిల్లలకి పంచేద్దాం," అంది.

ఆ విధంగా మళ్లీ అదే కాటా. రేవు నిండా జనం. అవతలి పేట నలభై గడపా వచ్చింది. ఒళ్లో బిడ్డను పెట్టుకుని కోడలు ముందు వరసలో కూర్చుంది. బెల్లం దిమ్మలు పళ్లెంలో వేసే పని నాకే అప్పగించారు, ఆమె బరువు నాకు బాగా తెలుసు కదా అని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్కొక్క దిమ్మ వేస్తున్నాను. ఆమె కూర్చున్న పళ్లెం లేవడం లేదు. ప్రతి దిమ్మకూ పిల్లలు కేకలు వేస్తున్నారు. ఇంకొకటి వెయ్యండని అత్తగారు ఉత్సాహపడుతోంది. ఏడాది కిందట ఎంత తక్కువైతే అంత గొప్ప అనుకున్న చోటే, ఇప్పుడు ఎంత ఎక్కువైతే అంత సంబరం.

చివరికి కాటా నిలిచింది. గుమస్తా లెక్క చూసి గట్టిగా చెప్పాడు. తొమ్మిది మణుగుల మూడు వీశెలు. మొదటి రోజు కన్నా ఒక వీశె ఎక్కువ. డ్రెస్సరు నా వంక చూసి మీసాల్లో నవ్వుకున్నాడు.

నేను దగ్గరికి వెళ్లి చెయ్యి అందించి, "దిగండమ్మా," అన్నాను. అంతకుముందు ఆమెను ఎప్పుడూ అండీ అని పిలవలేదు. ఆమెకు వినపడింది. ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. మొహం నీళ్ల వైపు తిప్పుకోలేదు, జనం వైపే ఉంచింది.

"ఉండండి డాకటరుబాబూ," అంది. "కాసేపు కూకోనివ్వండి."